వంటింటి గట్టుకు ఏ రాయి?

ఇల్లు కట్టుకొనేవారు మమ్మల్ని కొన్ని సంగతులు తప్పక అడుగుతారు. మరుగుదొడ్డి ఖిబ్లా వైపు తిరగకుండా ఎలా అమర్చాలి, నమాజుకు ఏ మూల అనువుగా ఉంటుంది, కొత్తింట్లో అడుగుపెట్టేటప్పుడు ఏ దుఆ చదవాలి. వంటింటి గట్టు గురించి మాత్రం ఎవరూ అడగరు. అది మేస్త్రీ చూసుకొనే పని అనుకుంటారు. రమజాన్ నెలలో అందరికన్నా ముందు దీపం వెలిగేది వంటింట్లోనే. సహ్రీ రొట్టెల నుంచి ఇఫ్తార్ పండ్ల వరకు అన్నీ ఆ గట్టు మీదనే సిద్ధమవుతాయి. ఇంట్లో అంత చాకిరీ చేసే రాయి మరొకటి లేదు.

ఆ రాయిని ఎన్నుకోవడానికి మన వంటే కొలమానం కావాలి. మన వంటలో చింతపండు, నిమ్మకాయ, పసుపు, నూనె లేని రోజు ఉండదు. పాలరాయి చూడముచ్చటైనదే, కాని పులుపు దానికి శత్రువు. నిమ్మరసం పడి కాసేపు ఉంటే ఆ మేర నునుపు పోయి తెల్లని మచ్చ మిగులుతుంది. అది అంటుకొన్న మరక కాదు, రాయిని పులుపు తినేసిన గుర్తు. ఏ సబ్బుకూ పోదు. కడప నల్లబండ, తాండూరు బండ కూడా సున్నపురాయి జాతివే. చవకగా దొరుకుతాయి, నేలకు ఎంతో బాగుంటాయి. గట్టు మీద మాత్రం పులుపుకు తట్టుకోలేవు.

గ్రానైట్ పేరుతో అమ్ముడయ్యే రాళ్లు ఈ విషయంలో మేలైనవి. ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయి, అందులో మెరిసే బంగారు చుక్కలతో, దేశదేశాలకు వెళ్తోంది. పొయ్యి మీది గిన్నె దించి పెట్టినా, నిమ్మకాయ పిండినా దానికి చింత లేదు. లేతరంగు గ్రానైట్లలో కొన్ని నూనెను, పసుపును పీల్చుకొంటాయి. కొనేముందు దుకాణంలో ఒక ముక్క అడిగి తెచ్చుకోండి. దాని మీద కాసిని నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. తుడిచాక ఆ చోటు నల్లబడి కనిపిస్తే రాయి పీల్చుకొంటోందన్నమాట. మరో మూల నిమ్మచెక్క బోర్లించి చూడండి. దుకాణదారు మాట కన్నా ఆ ముక్క చెప్పే సాక్ష్యమే గట్టిది.

శుచి కోణం కూడా ఉంది. కత్తి, అద్దం వంటి నున్నని వస్తువులకు అశుద్ధం అంటితే జాడ పోయేలా తుడిస్తే చాలునని, పీల్చుకొనే వస్తువులను మూడుసార్లు కడగాలని హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతాయి. బక్రీద్ రోజున మాంసం కోసే ఇంటికి ఈ భేదం చిన్నది కాదు. చిన్న చిన్న టైల్స్ పరిస్తే వాటి సందుల్లో నెత్తురు, కొవ్వు నిలిచిపోతాయి. అతుకులు తక్కువ ఉన్న ఒకే పలక మంచిది.

ఇక ఖర్చు. కరుణామయుని దాసులు ఖర్చు చేసేటప్పుడు దుబారా చేయరు, పిసినారితనమూ చూపరు అని దివ్యఖుర్ఆన్ ఫుర్ఖాన్ సూరా వర్ణిస్తుంది. మేము చూసే ఇళ్లలో ఈ రెండు తప్పులూ ఒకే కప్పు కింద ఉంటాయి. అతిథులు చూసే హాలులో విదేశీ పాలరాయి, ఇల్లాలు రోజుకు ఆరు గంటలు నిలబడే చోట అందరికన్నా చవక బండ! గట్టు ఎత్తు కూడా మేస్త్రీ అలవాటు ప్రకారమే. ఆమెను నిలబెట్టి, మడిచిన మోచేతికి సుమారు 4 అంగుళాలు దిగువగా గుర్తు పెట్టించండి. మహాప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకొనేవారు. ఆ సున్నత్ పాటించే భర్త అయితే తన ఎత్తు కూడా చెప్పుకోవచ్చు.

ఈమధ్య క్వార్ట్జ్ అనే పలకలు వస్తున్నాయి. రాతిపొడిని జిగురుతో కలిపి అచ్చుపోసినవి. మరక పడవు, కాని వేడి గిన్నె పెడితే ఆ జిగురు కమిలిపోతుంది. అంతకన్నా పెద్ద సంగతి వాటిని కోసేటప్పుడు లేచే దుమ్ము. అందులోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకొని సిలికోసిస్ తెస్తుంది. దానిని నయం చేసే మందు లేదు. కోత పనివారికి ఈ జబ్బు రావడం చూసి ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ పలకలను నిషేధించింది. గ్రానైట్ దుమ్ములోనూ సిలికా ఉంటుంది. మన ఊళ్లలో యువకులు ముఖానికి చేతిరుమాలు కట్టుకొని, ఇంటి ముందే పొడికోత కోస్తారు. ఆ సన్నని దుమ్మును రుమాలు ఆపలేదు. హానిని తొలగించాలన్నది ఫిఖ్హ్ మూలసూత్రాలలో ఒకటి. మన గట్టు కోసం మరొకరి రొమ్ము చెడటం ఆ హానిలోకి రాదా?

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. సింకు కొలత, పొయ్యి కొలత, అంచుల కొలత ముందే కాగితం మీద రాసి ఇచ్చి, నీళ్లు పారే యంత్రం ఉన్న చోటనే రంధ్రాలన్నీ కోయించండి. అడుగుకు కొన్ని రూపాయలు ఎక్కువ అడిగితే బేరమాడకండి. ఇంటికి వచ్చేసరికి పలకను ఎత్తి పరచడమే మిగలాలి.