లెఫ్టీ, తుమ్మబంక, ఒక జర్మన్ క్లబ్బు

స్కూల్లో హ్యాండ్‌బాల్ ఆడేవాణ్ణి అని చెప్తే నూటికి తొంభై మంది "వాలీబాలా?" అంటారు. ఆఫీసులో పక్క సీటాయన మాత్రం ఇంకో అడుగు ముందుకేసి "చేత్తో పట్టుకుంటే ఫౌల్ కదా?" అన్నాడు. తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. నలభై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు కోర్టు. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు. బంతి పట్టుకుని మూడు అడుగులకు మించి నడవకూడదు, మూడు సెకన్లకు మించి ఊరికే పట్టుకుని నిలబడకూడదు. గోల్ చుట్టూ ఆరు మీటర్ల గీత ఉంటుంది, దాని లోపల కీపర్ ఒక్కడే కాలు పెట్టాలి. మిగతావాళ్ళు గీత బయట నుంచి ఎగిరి, కింద పడేలోపు బంతి విసరాలి. ఆటంతా ఆ ఎగరడంలోనే ఉంది. ఎగరడం ఉందంటే కింద పడటం కూడా ఉందన్నమాట. ఈ రెండో సంగతి గురించే ఈ సోదంతా.

మాది నస్రుల్లాబాద్. బాన్సువాడ పక్కన. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడ్డప్పుడు మండలం అయింది గానీ, మేం బడికి పోయే రోజుల్లో నిజామాబాద్ జిల్లాలో ఒక మామూలు ఊరు. నిజాంసాగర్ నీళ్ళు, వరి పొలాలు, కోతలప్పుడు రోడ్డు మీద సగం దాకా ఆరబోసిన వడ్లు. మా పీఈటీ సార్ హ్యాండ్‌బాల్ ఎందుకు మొదలుపెట్టాడంటే, కబడ్డీకి, ఖోఖోకి పోటీ చాలా ఎక్కువ. హ్యాండ్‌బాల్‌కి జిల్లాలో టీములే తక్కువ, కాబట్టి సర్టిఫికెట్ రావడం సులువు. ఆయన లెక్క తప్పు కాదు. స్పోర్ట్స్ కోటా అనేది మా ఇళ్ళల్లో దేవుడి హుండీ లాంటి మాట.

నేను కీపర్. కారణం నైపుణ్యం కాదు, ఒళ్ళు :) గోల్ మూడు మీటర్ల వెడల్పు, అందులో ఒక మీటరు నేనే ఉంటానని సార్ నమ్మకం. గోల్స్ కొట్టేవాడు లెఫ్టీ. ఎడంచేతివాడు కాబట్టి ఆ పేరు. అసలు పేరు రాయను, వాడికి ఇష్టం ఉండదు. కుడి వైపు నుంచి లోపలికి ఎగిరి, గాలిలో ఒక్క క్షణం ఆగినట్టు ఆగి విసిరేవాడు. ప్రాక్టీసులో ఆ బంతుల ముందు నిలబడ్డవాణ్ణి నేనే, కాబట్టి నా మాట నమ్మండి, ఆ ఆగడం కళ్ళకు కనబడేది. మా బంతి నున్నగా అరిగిపోయి చేతిలోంచి జారేది. ఒకరోజు వాడు తుమ్మచెట్టు బంక తెచ్చి వేళ్ళకు పూసుకున్నాడు. బంతి భలే అతుక్కుంది. ఎంత అతుక్కుందంటే విసిరినా పోలేదు. మట్టి, బంక కలిసి బంతి పాడైనందుకు సార్ ఇద్దరినీ కొట్టాడు. నన్నెందుకు కొట్టాడో ఇప్పటికీ తెలీదు.

పదో తరగతి తర్వాత నేను హైదరాబాద్‌లో హాస్టల్ ఉన్న కాలేజీలో చేరాను. లెఫ్టీ దగ్గర్లోనే ఇంటర్ చదువుతూ ఆట కొనసాగించాడు. రెండో సంవత్సరంలో ఏదో సెలెక్షన్ మ్యాచ్‌లో, సిమెంటు నేల మీద సున్నంతో గీతలు గీసిన కోర్టులో, ఎగిరి దిగేటప్పుడు మోకాలు తిరిగింది. లోపలి లిగమెంటు తెగింది. తీసుకెళ్ళిన సార్ ఆటో ఎక్కించి, జేబులోంచి ఐదువందలు ఇచ్చాడట. ఆ తర్వాత ఆడించినవాళ్ళు గానీ, పంపినవాళ్ళు గానీ ఒక్కరూ అడగలేదు. ఆపరేషన్ అంటే ఇంట్లో డబ్బుల్లేవు. నాటువైద్యం కట్టు కట్టించారు. సర్టిఫికెట్ మాత్రం వచ్చింది. "పాల్గొన్నాడు" అని.

ఇంకొకరు కూడా అడగలేదు. నాకు ఎంసెట్ నాలుగు నెలల్లో ఉంది. సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు వాళ్ళ ఇంటి మీదుగానే పోయాను. మా బాపు "పొయ్యి సూడరాదురా" అన్నాడు. రేపు పోతా అన్నాను. ఆ రేపు తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చింది.

2023 జూన్‌లో ఫోన్‌లో ఏదో చూస్తుంటే ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్ అని కనబడింది. 2020లోనే పెట్టాలనుకున్నారు, కరోనాతో ఆగి ఆగి అప్పటికి మొదలైంది. ఆరు టీములు, అందులో ఒకటి తెలుగు టాలన్స్. టాలన్స్ అంటే గద్ద గోళ్ళు. మన పేరుతో ఒక ప్రొఫెషనల్ హ్యాండ్‌బాల్ క్లబ్బు! ఆ ఉత్సాహంలో ఏమీ ఆలోచించకుండా, ఎవరి దగ్గరో నంబరు సంపాదించి లెఫ్టీకి ఫోన్ చేశాను. "నేన్రా, కీపర్ని" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఏ నిష్ఠూరం లేకుండా "ఏ చానెల్ల వస్తుందిరా?" అన్నాడు.

ఆ రెండున్నర వారాలు రోజూ మాట్లాడుకున్నాం. వాడు వరికోత మిషన్ నడుపుతాడు. క్లచ్ తొక్కితే సాయంత్రానికి మోకాలు వాస్తుందట. మ్యాచ్ చూస్తూ మధ్యలో "వీడు ముందే ఎగుర్తుండు, కీపర్‌కి తెల్సిపోతది" అని తిట్టేవాడు. మూడో రోజో నాలుగో రోజో అడిగాడు: "మన టీము మ్యాచులు హైదరాబాద్‌ల ఎప్పుడున్నయ్ రా? పోయొద్దాం." చూస్తే ఎక్కడా లేవు. జూన్ 8 నుంచి 25 దాకా లీగ్ మొత్తం జైపూర్‌లోని ఒక్క ఇండోర్ స్టేడియంలోనే. "అంటే మన టీము మన దిక్కు రానే రాదా?" అన్నాడు. రాదు అన్నాను. "మరి గదేం మన టీమురా" అని నవ్వాడు. కప్పు మహారాష్ట్ర ఐరన్‌మెన్‌కి పోయింది, ఫైనల్లో ఉత్తరప్రదేశ్ టీమ్ మీద గెలిచి. మేం ఆ తర్వాత కూడా మాట్లాడుకుంటూ ఉన్నాం, కాబట్టి ఆ లీగ్‌కి నా వరకు నేను రుణపడ్డాను. కానీ లెఫ్టీ ప్రశ్న మాత్రం నాలో ఉండిపోయింది. క్లబ్బు అంటే జెర్సీ, పేరు, టీవీలో బొమ్మ ఇవేనా?

జవాబు ఆన్‌సైట్‌లో దొరికింది. 2024 చివర్లో కంపెనీ నన్ను కొలోన్‌కి పంపింది. నా టీమ్‌లో పనిచేసే జర్మన్ ఒకాయనతో హ్యాండ్‌బాల్ కీపర్ని అని చెప్తే (వాలీబాలా అనలేదు!) ఒక శనివారం వాళ్ళ ఊరు గుమ్మర్స్‌బాఖ్ తీసుకెళ్ళాడు. కొలోన్ నుంచి తూర్పుకు, కొండల మధ్య రైల్లో గంటకు పైగా. జనాభా యాభై వేలు. కామారెడ్డి అంత కూడా లేదు. ఆ ఊరి క్లబ్బు, వీఎఫ్ఎల్ గుమ్మర్స్‌బాఖ్, 12 సార్లు జర్మనీ ఛాంపియన్, 5 సార్లు యూరప్ ఛాంపియన్. కామారెడ్డి టీము ఐదుసార్లు ఆసియా కప్పు గెలవడం ఊహించుకోండి.

క్లబ్బు 1861 నాటిది. అప్పటికి హ్యాండ్‌బాలే పుట్టలేదు, అది వ్యాయామం చేసుకునేవాళ్ళ సంఘం. బెర్లిన్‌లో 1917లో ఈ ఆటకి మొదటి నియమాలు రాశారు. తర్వాత చాలాకాలం దీన్ని బయట మైదానంలో పదకొండు మందితో ఆడేవాళ్ళు, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో కూడా అలాగే. ఏడుగురితో హాల్లో ఆడే ఇప్పటి ఆట ఒలింపిక్స్‌కి వచ్చింది 1972లో. గుమ్మర్స్‌బాఖ్ మొదటి జర్మన్ టైటిల్ 1966లో, మరుసటి ఏడాదే డార్ట్‌మండ్‌లో ప్రాగ్ టీము దుక్లాని 17-13తో ఓడించి యూరప్ కప్పు. అప్పటి హీరో హాన్సీ ష్మిట్, 1963లో రొమేనియా నుంచి తప్పించుకుని వచ్చినవాడు. ఎగిరిన తర్వాత గాలిలో ఆలస్యం చేసి విసరడం ఆయన ప్రత్యేకత అట. ఇది చెప్తుంటే నేను కుర్చీలోంచి లేచాను. "మా ఊళ్ళో ఒకడున్నాడు" అని జర్మన్‌కి చెప్పాను. మర్యాదకి తలూపాడు.

ఊరికి అన్నం పెట్టింది స్టైన్‌ముల్లర్ అనే బాయిలర్ల ఫ్యాక్టరీ. మా మిత్రుడి నాన్న అందులో ఫిట్టరు. ఇరవయ్యో శతాబ్దం చివరికి ఆ కంపెనీ చేతులు మారి, ఫ్యాక్టరీ పోయింది. (మాకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. మా తాత చెరుకు బండ్లు తోలిన ఫ్యాక్టరీ. 2015లో మూతపడ్డది పడ్డట్టే ఉంది.) క్లబ్బుకి కూడా రోజులు బాగోలేవు. చివరి జర్మన్ టైటిల్ 1991లో. తర్వాత అప్పులు. పెద్ద మ్యాచులు జనం కోసం కొలోన్‌లోని భారీ హాలుకి తీసుకెళ్ళారు. చివరికి ఊరు ఏం చేసిందంటే, ఊరి మధ్యలో ఖాళీ అయిన ఆ ఫ్యాక్టరీ స్థలంలోనే కాలేజీతో, షాపింగ్ మాల్‌తో పాటు నాలుగు వేల మంది పట్టే కొత్త హాలు కట్టుకుని 2013లో క్లబ్బుని ఇంటికి తెచ్చుకుంది. అయినా 2019లో, బుండెస్‌లీగా పుట్టిన 1966 నుంచి ఒక్కసారి కూడా కిందికి పడని క్లబ్బు, మొదటిసారి రెండో డివిజన్‌కి పడింది. మూడేళ్ళ తర్వాత 2022లో పైకొచ్చింది. ఆ కింద ఉన్న మూడేళ్ళూ మీ నాన్న మ్యాచులకు వెళ్ళాడా అని అడిగాను. ఆయనకి నా ప్రశ్నే అర్థం కాలేదు. "సభ్యుడు కదా" అన్నాడు.

అక్కడ క్లబ్బు అంటే ఓనరు కాదు. ప్రొఫెషనల్ టీముని నడపడానికి ఒక కంపెనీ ఉంటుంది, నిజమే. దాని వెనక చందా కట్టే సభ్యుల సంఘం విడిగా ఉంటుంది. చిన్నపిల్లల టీములు కూడా అందులోవే.

మ్యాచ్ సంగతి పెద్దగా గుర్తులేదు. ఆటగాళ్ళ బూట్ల మీద తెల్లటి జిగురు ముద్ద చూశాను, వేళ్ళకి పూసుకోవడానికి. జర్మన్లది కూడా తుమ్మబంకే! వెంటనే ఫోటో తీసి లెఫ్టీకి పంపాను. "సార్‌కి సూపియ్" అని జవాబు.

మ్యాచ్ తర్వాత వాళ్ళింట్లో కాఫీ. పెద్దాయన గోడ మీది ఒక ఫోటో చూపించాడు. యోఆఖిమ్ డెకార్మ్. 1978లో ప్రపంచ కప్పు గెలిచిన జర్మన్ టీములో సభ్యుడు, అప్పట్లో ప్రపంచంలోనే గొప్ప ఆటగాడు అనేవారట. 1979 మార్చి 30న హంగరీలోని తాతాబాన్యాలో, యూరప్ కప్ విన్నర్స్ కప్ సెమీఫైనల్లో, ఎదుటి ఆటగాడికి ఢీకొని పడి తల నేలకి కొట్టుకున్నాడు. ఆ నేల కాంక్రీటు, దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర. 131 రోజులు కోమా. వయసు 25. ఆ ఏడాది ఆ కప్పు గుమ్మర్స్‌బాఖే గెలిచింది.

ఇక్కడి దాకా విని, ఇలాంటివి అన్ని చోట్లా జరుగుతాయి అనుకున్నాను. పెద్దాయన ఆపలేదు. డెకార్మ్ నడక, మాట మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. చిన్నప్పుడు ఆయనకి ఆట నేర్పిన కోచ్ వచ్చి ఏళ్ళ తరబడి పక్కన నిలబడి వ్యాయామాలు చేయించాడు. ఖర్చుల కోసం ఆయన పేరు మీద నిధి పెట్టారు. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత, 2018లో, ఆయన్ని తిరిగి గుమ్మర్స్‌బాఖ్‌కే తీసుకొచ్చారు. అక్కడ చూసుకునేది ఎవరంటే, 1979లో ఆయనతో ఆడినవాళ్ళే. ఆ ఊళ్ళోనే పుట్టి, ఆటగాడిగా 1978లో, కోచ్‌గా 2007లో జర్మనీకి ప్రపంచ కప్పులు తెచ్చిన హైనర్ బ్రాండ్ వాళ్ళలో ఒకడు. అందరూ ముసలాళ్ళు. 2024లో డెకార్మ్‌కి డెబ్బై నిండాయి.

నేను కాఫీ కప్పు పట్టుకుని కూర్చున్నాను. ప్రపంచ ఛాంపియన్ కాబట్టి చేశారు అని నాకు నేను చెప్పుకోవచ్చు. డబ్బున్న దేశం అని కూడా. రెండూ నిజమే. కానీ సంక్రాంతి రోజు లెఫ్టీ ఇంటి ముందు నుంచి పోవడానికి డబ్బుతో పనేముంది? మా టీములో పన్నెండు మందిమి. ఒక్కడు గుమాస్తా, ఇద్దరు గల్ఫ్, ఇద్దరం సాఫ్ట్‌వేర్. తలా పదివేలు వేసుకున్నా ఆ మోకాలికి ఎప్పుడో ఆపరేషన్ అయ్యేది. ఎవరికీ తట్టలేదు. నాకు తట్టలేదు. లీగ్‌ని తిట్టడం సులువు. హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ ఆడని టాలన్స్‌ని అడగడం మరీ సులువు.

మొన్న వేసవిలో యాసంగి కోతలప్పుడు ఊరికి పోయాను. లెఫ్టీ మిషన్ ఆపి చెట్టు కింద అన్నం తింటున్నాడు. సంచిలోంచి బంతి తీసి ఇచ్చాను, జర్మనీలో కొన్న అసలు సైజు బంతి. పక్కన చిన్న డబ్బా జిగురు. డెకార్మ్ కథ మొత్తం చెప్పాను. తింటూ విన్నాడు. ఒక్కటే అడిగాడు, "దోస్తులే తెచ్చుకున్నరా వాపస్?"

అవును అన్నాను. తర్వాత ఆ సంక్రాంతి గురించి చెప్పాను. రావాల్సింది, రాలేదు అని. ఇంకా ఏదో చెప్పబోతుంటే "నువ్వు మా ఇంటి ముంగట్నుంచి పోవుడు నేను సూసిన తియ్" అన్నాడు. అంతే. చెయ్యి కడుక్కున్నాడు.

హైదరాబాద్‌లో డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, కోతలు అయ్యాక వస్తానన్నాడు. పదేళ్ళ పాత గాయం, ఎంత వరకు బాగవుతుందో చూడాలి. మిగతా పది మందిలో ఎనిమిది మంది నంబర్లు దొరికాయి.

ఆ రోజు సాయంత్రం కల్లం దగ్గర రెండు వడ్ల బస్తాలు మూడు మీటర్ల దూరంలో నిలబెట్టి నన్ను మధ్యలో నిల్చోమన్నాడు. జిగురు వేళ్ళకి పూసుకుని వాసన చూశాడు. ఎగరలేదు, ఎగరలేడు. నిలబడే ఎడంచేత్తో విసిరాడు. నేను కదిలేలోపే బంతి బస్తా పక్క నుంచి పోయి గడ్డివాములో పడింది.

"పొట్ట పెరిగినా ఆపుతలేవు గదరా" అన్నాడు, బంతి తెమ్మని చెయ్యి ఊపుతూ.