నీళ్ళకు దారి ఇచ్చిన పార్కు

మాది కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట ఉన్న యానాది వాడ. మాకు మడ అడవి అంటే వంటిల్లు. మా అవ్వ బురదలో కూచుని, రెండు చేతులూ నీళ్ళలో పెట్టి తడుముతూ రొయ్యలు పట్టేది. పట్టినవాటిని తాటాకు బుట్టలో వేసేది. ఆ బుట్టను పళ్ళతో పట్టుకునేది కాబట్టి పనిలో ఉన్నంతసేపూ ఆమె నోట మాట ఉండేది కాదు. నాయన ఇనుప కొక్కీతో బొరియల్లోంచి మండపీతల్ని లాగేవాడు. పోటు ఎప్పుడొస్తుందో, పాటు ఎప్పుడు తీస్తుందో చంద్రుణ్ణి చూసి చెప్పేవాడు. వాళ్ళిద్దరికీ అక్షరం రాదు. వాళ్ళ కష్టంతో నేను చదువుకుని బడిపంతులునయ్యాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఎక్కడో చైనాలో ఒక ఊరి నడుమ కట్టిన పార్కు గురించి చదివినప్పుడు, దాని ప్లాను బొమ్మలు చూసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది మా నాయనే. నేను ఆ దేశం వెళ్ళలేదు. కానీ ఆ బొమ్మలోని ప్రతి గీతా నాకు తెలిసిన బురదలాగే అనిపించింది.

ఆ ఊరి పేరు సన్యా. చైనాకు దక్షిణాన ఉన్న హైనాన్ దీవిలో సముద్రం ఒడ్డున ఉంది. ప్రపంచ పటం మీద మన శ్రీకాకుళం నుంచి తూర్పుకు అడ్డంగా ఒక గీత గీస్తే అది దాదాపు సన్యా మీదుగానే పోతుంది. ఎండ మనలాంటిదే, ఉప్పునీటి చెట్లు మనలాంటివే. మనకు తుపాన్లు వచ్చినట్టు వాళ్ళకు టైఫూన్లు వస్తాయి. ఆ దీవికి కూడా ఆదివాసులున్నారు, వాళ్ళను లీ జాతి అంటారు. వాళ్ళ ఆడవాళ్ళ నేత విద్యను 2009లో యునెస్కో కాపాడవలసిన వారసత్వంగా గుర్తించింది.

సన్యా పర్యాటకుల ఊరుగా పెరిగింది. పెరిగే కొద్దీ నది ఒడ్డున ఉన్న మడను పూడ్చి, కాంక్రీటు గోడలు కట్టారు. కూలగొట్టిన ఇళ్ళ శిథిలాలు తెచ్చి పోశారు. వాన పడితే రోడ్ల మురికి తిన్నగా నదిలోకి పోయేది. పోటు నీరు గోడకు కొట్టుకుని వెనక్కి పోయేది. 2015లో చైనా ప్రభుత్వం ఊరినీ ప్రకృతినీ బాగుచేసే పనికి సన్యాను మొదటి నమూనా ఊరుగా ఎంచుకుంది. అందులో భాగంగానే నది ఒడ్డున సుమారు 10 హెక్టార్లలో, అంటే మన లెక్కలో పాతిక ఎకరాల్లో, మడ పార్కు చేశారు.

దాని ప్లాను గీసింది కాంగ్‌జియన్ యూ. ఆయన 1963లో ఒక పల్లెలో రైతు కుటుంబంలో పుట్టాడు. హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసి 1998లో బీజింగ్‌లో టూరెన్‌స్కేప్ అనే సంస్థ పెట్టాడు. చైనా భాషలో ‘టూ’ అంటే మట్టి, ‘రెన్’ అంటే మనిషి. మట్టిమనిషి అని పేరు పెట్టుకుని పెద్ద పెద్ద నగరాలకు పాఠం చెప్పాడు. వాన నీటిని గొట్టాల్లో తోసి పారబోయకుండా, స్పాంజి పీల్చుకున్నట్టు నేల పీల్చుకునేలా ఊళ్ళు కట్టాలనేది ఆయన మాట. దాన్నే ‘స్పాంజి నగరం’ అన్నారు. 2025 సెప్టెంబరులో బ్రెజిల్‌లో జరిగిన విమాన ప్రమాదంలో ఆయన చనిపోయాడు.

పార్కు సంగతికొద్దాం. అక్కడ మడ పెంచాలంటే నాలుగు చిక్కులున్నాయి. సముద్రం మీంచి వచ్చే పెనుగాలి లేత మొక్కను పెరికేస్తుంది. వానాకాలంలో ఎగువ నుంచి వచ్చే వరద మొలకల్ని కొట్టుకుపోతుంది. ఊరి మురికి నీరు వేళ్ళను పాడుచేస్తుంది. నాలుగోది మనుషులు. ఊరి నడుమ ఉన్న చోటు కాబట్టి జనం వస్తారు, వచ్చినవాళ్ళ కాళ్ళ కింద మొక్క నలగకూడదు.

ఈ నాలుగింటికీ జవాబును మట్టి పనిలోనే వెతికారు. గోడను పగలగొట్టి, ఒకచోట తవ్విన మట్టిని పక్కన పోసి, ఒడ్డును చేతివేళ్ళ ఆకారంలో మలిచారు. రెండు చేతుల వేళ్ళను ఒకదానిలోకి ఒకటి దూర్చి చూడండి. ఒక చెయ్యి నేల, ఇంకో చెయ్యి నీరు. ప్లాను అలాగే ఉంటుంది. వేళ్ళ సందుల్లోకి పోటు నీరు మెల్లగా వచ్చి, పాటులో మెల్లగా పోతుంది. పెద్ద నదిలోని వరద ఉరవడి, పైనుంచి వచ్చే గాలి దెబ్బ సందుల్లోకి వచ్చేసరికి తగ్గిపోతాయి. తిన్నని గోడకు ఒకటే అంచు. వేళ్ళకు అంచులు ఎన్నో రెట్లు. మడ బతికేదే నేలా నీరూ కలిసే ఆ అంచులో. అంచు పెరిగితే మొక్కకూ, చేపపిల్లకూ, పీతకూ చోటు పెరిగినట్టే.

నేలను ఒకే మట్టంగా కూడా చదును చెయ్యలేదు. కొన్నిచోట్ల లోతు, కొన్నిచోట్ల మెరక. ఎంత నీటిలో నిలవగలిగే జాతిని అంత నీటి దగ్గర పెట్టారు. ఊరి రోడ్డుకూ నదికీ మధ్య సుమారు 9 మీటర్ల ఎత్తు తేడా ఉంది. ఆ వాలును మెట్లుగా చెక్కి గడ్డి, మొక్కలు వేశారు. రోడ్డు మురికి నీరు మెట్టు మెట్టుకూ ఆగి, వడకట్టుకుని నదిలో దిగుతుంది. పగలగొట్టిన కాంక్రీటునూ శిథిలాలనూ బయటికి మోయకుండా అక్కడే నేల మెరక చెయ్యడానికి వాడుకున్నారు. జనం నడవడానికి చెట్ల మీదుగా స్తంభాల వంతెన వేశారు. చూసేవాళ్ళు పైన, బతికేవి కింద. మూడేళ్ళలో మడ ఎదిగింది, చేపలూ పిట్టలూ తిరిగొచ్చాయి. 2020లో అమెరికా ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల సంఘం ఈ పనికి అవార్డు ఇచ్చింది.

ఈ విద్య మన దగ్గర లేనిదేమీ కాదు. మన గోదావరి, కృష్ణా మడల్లో ఒకప్పుడు చెట్లను వంతులవారీగా నరికేవారు. చెట్టు పోయిన నేలకు ఎండ తగిలి, తడి ఆరి, మధ్యలో గుంట పడేది. పోటుకు అందులోకి వచ్చిన నీరు పాటుకు బయటికి పోలేక అక్కడే నిలిచేది. ఎండకు ఆవిరై ఉప్పు మిగిలేది. ఆ ఉప్పులో తెల్లమడ విత్తనం కూడా మొలవలేదు. తమిళనాడులోని పిచ్చావరంలోనూ ఇదే జరిగింది. అక్కడా, ఆ తర్వాత మన దగ్గరా ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊరి జనం కలిసి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వారు. పైనుంచి చూస్తే చేప వెన్నుముల్లులా ఉంటుంది. పోటు నీరు లోపలిదాకా వచ్చి, ఉప్పును కడుక్కుని బయటికి పోయింది. ఆ తర్వాతే మొక్క నాటారు, బతికింది.

సన్యాలో చేతివేళ్ళు, మన దగ్గర చేపముల్లు. రెండింటి కిటుకూ ఒకటే: ముందు నీరు రావాలి, పోవాలి. మా నాయన దాన్ని ఒక్క ముక్కలో చెప్పేవాడు: “నీళ్ళు తిరిగినకాడే పీత తిరుగుద్ది.” ఈ మాట వినకుండా, పోటు ఎంతెత్తు వస్తుందో కొలవకుండా, బురద కనబడిన చోటల్లా వేల మొక్కలు గుచ్చి ఫొటోలు దిగిన కార్యక్రమాలు లోకమంతటా ఉన్నాయి. నీరు మరీ ఎక్కువసేపు నిలిచేచోట గుచ్చిన మొక్క ఊపిరాడక చస్తుంది. మడ చెట్టుకు బురదలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాసవేళ్ళు ఉండేది గాలి కోసమే కదా.

ఇక నా మనసులో ముల్లులా ఉన్న మాట చెప్తాను. ఆ పార్కు బొమ్మల్లో నడిచేవాళ్ళు కనిపిస్తారు, పిట్టల్ని చూసేవాళ్ళు కనిపిస్తారు. తడిమి రొయ్యలు పట్టే ఆడమనిషి దిగడానికి దారి మాత్రం నాకు కనబడలేదు. ఊరి నడుమ పాతిక ఎకరాల పార్కులో అది తప్పనలేను. కానీ రేపు మన తీరం పట్టణాల పక్కన కూడా ఇలాంటి పార్కులు రావచ్చు, రావాలి కూడా. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమ వేలమందిని పోగొట్టుకుంది. ఒడ్డున మడ ఉండటమంటే ఏమిటో మాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే ఆ పార్కు గేటు దగ్గర మనం ఎవరం? టికెట్టు చించేవాళ్ళమా, కాపలావాళ్ళమా, లోపలికి రానివ్వని వాళ్ళమా? లేక ప్లాను గీసేటప్పుడే బల్ల దగ్గర కూచున్నవాళ్ళమా? నాకు ఈ చివరిదే కావాలి.

దానికి చట్టం కొంత ఆసరా ఇస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం చెట్లకూ భూమికీ మాత్రమే కాదు. అడవిలోని నీళ్ళలో దొరికే చేపల మీదా, ఇతర ఉత్పత్తుల మీదా సామూహిక హక్కును అందులోని 3వ సెక్షన్ చెప్తుంది. అభయారణ్యం లోపలి భూమి కూడా దాని కిందకే వస్తుంది. మనవాళ్ళలో చాలామంది దీన్ని కొండ మీది పోడు భూముల చట్టమనే అనుకుంటారు. మడలో పీత పట్టేవాళ్ళు కూడా గ్రామసభలో దరఖాస్తు పెట్టవచ్చు. హక్కు కాగితం చేతిలో ఉంటే, పార్కు వచ్చినా అభయారణ్యం వచ్చినా ముందు మనతో మాట్లాడాలి.

రెండో ఆసరా చదువు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నేలనూ నీటినీ మలిచే ఈ పనికి ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ అని ఒక కోర్సే ఉంది. ఇంటర్‌లో లెక్కలు చదివినవాళ్ళు ముందు ఆర్కిటెక్చర్ డిగ్రీ చెయ్యాలి, ఆ తర్వాత ఈ కోర్సు. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో రెండూ ఉన్నాయి. కేంద్ర సంస్థ కాబట్టి మనకు ఏడున్నర శాతం సీట్లు కేటాయించారు. మన పిల్లలకు డాక్టరు, టీచరు, పోలీసు తప్ప ఇంకో ఉద్యోగం పేరు చెప్పేవాళ్ళు లేరు. ఆ పేరు చెప్పడం టీచర్లుగా మన పని.

తోటి టీచర్లకు ఇంకో మాట. తీరంలో పనిచేసేవాళ్ళు ఒక అమావాస్య నాడు పిల్లల్ని కాలువ దగ్గరికి తీసుకెళ్ళండి. నాలుగు కర్రలు ఒడ్డు నుంచి లోతుకు వరసగా పాతించండి. పోటుకు నీరు ఏ కర్ర మీద ఎంతదాకా వచ్చిందో గీత పెట్టించండి. అష్టమి నాడు మళ్ళీ వెళ్ళి మళ్ళీ గీత పెట్టించండి. ఏ గీత దగ్గర తెల్లమడ ఉందో, ఎక్కడ పొన్న ఉందో, ఎక్కడ తిల్ల మొదలైందో పిల్లలే రాసుకుంటారు. సన్యాలో మొక్క నాటకముందు ఇంజనీర్లకు తెలియాల్సిన లెక్క అదే. ఆ రోజు తరగతిలో వెనక బెంచీలో కూచునే యానాది పిల్లవాణ్ణి ముందుకు పిలవండి. పీత బొరియ ఏ ఎత్తున ఉంటుందో వాడికి ముందే తెలిసి ఉంటుంది. వాడు చెప్పింది బోర్డు మీద రాయండి.