మా పిల్లల పళ్లు, మా బోరు నీళ్లు

టూత్‌పేస్టు డబ్బా మీద ఫ్లోరైడ్ ఉందని గొప్పగా రాస్తారు. కొన్ని ఊళ్లలో చేతిపంపుకు ఎర్ర రంగు పూసి, ఫ్లోరైడ్ ఉంది, తాగొద్దని రాస్తారు. లింగంపేట మండలం తండాల పిల్లలకు సైన్సు చెప్పేటప్పుడు దాదాపు ప్రతి ఏడూ ఒకరు అడుగుతారు: "సార్, ఫ్లోరైడ్ మంచిదా, చెడ్డదా?" జవాబంతా కొలతలోనే ఉంది.

1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ఫ్రెడరిక్ మెకే అనే పళ్ల డాక్టరు అక్కడి వాళ్ల పళ్ల మీద గోధుమ రంగు మరకలు చూశాడు. దానికి కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని 1931లో తేలింది. ఆ పళ్లు అంత తొందరగా పుచ్చిపోవని కూడా గమనించారు. అందుకే 1945 జనవరిలో, ఫ్లోరైడ్ తక్కువున్న గ్రాండ్ రాపిడ్స్ పట్టణంలో దాన్ని కొలిచి మంచినీళ్లలో కలపడం మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ లీటరుకు 0.7 మిల్లీగ్రాములు చాలంటున్నారు.

మన దగ్గర ఎవరూ కలపనక్కర్లేదు. భూమిలోని రాయే కలుపుతుంది. బోరు లోతుకు పోయినకొద్దీ, ఎన్నో ఏళ్లు రాళ్ల మధ్య నిలిచిన నీళ్లు పైకొస్తాయి. ఎముకలు బిగుసుకుపోయే ఫ్లోరోసిస్‌ను 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో డాక్టర్లు గుర్తించారు. నల్లగొండలో తరాలు నడుము వంగిపోయాయి. ఆ గోడు ఢిల్లీకి వినపడాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలిచారు.

మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. కానీ ఎండలో కూలికి పోయే మనిషి రోజుకు ఆరు లీటర్లు తాగుతాడు. ఆ నీళ్లలో లీటరుకు 2 మిల్లీగ్రాములుంటే ఒంట్లోకి 12 పోతాయి. 0.7 ఉన్న నీళ్లు రెండు లీటర్లు తాగేవాడికి పోయేది 1.4 మాత్రమే. ఈ లెక్క పిల్లలతో నల్లబల్ల మీద చేయించండి.

మా బడిలో ఒక ఆడపిల్ల నవ్వినప్పుడల్లా చున్నీ నోటికి అడ్డం పెట్టుకునేది. "పళ్లు తోముకోవా?" అని ఎవరో అన్నారట. అది తోమితే పోయే మరక కాదు. పాలపళ్ల వయసులో, చిగురు లోపల పన్ను పైపొర తయారవుతున్నప్పుడే ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ పొర సరిగ్గా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేటప్పటికే మచ్చ పడి ఉంటుంది. తప్పు నీళ్లది. సిగ్గుపడుతున్నది పిల్ల. ఈ సంగతి క్లాసులో అందరి ముందూ చెప్పాను.

పల్లెలకు భగీరథ నల్లాలు వచ్చాయి. నది నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువ. అయినా మందు వాసనని కొందరు, రుచి లేదని కొందరు మళ్లీ బోరుకే పోతున్నారు. నల్లా రెండు రోజులు రాకపోతే అందరికీ బోరే దిక్కు. నీళ్లు కాగబెడితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గితే మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి తగ్గించే నల్లగొండ పద్ధతి ఉంది కానీ, దాన్ని కూడా కొలత తెలిసినవాళ్లే చేయాలి. వాన నీళ్లు భూమిలోకి ఇంకితే బావుల్లో ఫ్లోరైడ్ పలచబడే వీలుంది. లింగంపేట నాగన్నబావిని చూపించి, వాన నీటి విలువ పిల్లలకు చెప్పవచ్చు.

తండా యువకులకు ఒక పని చెబుతాను. తాగడానికి వాడే ప్రతి బోరు నీళ్లను సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపించండి. వచ్చిన అంకెను ఆ బోరు పక్కనే పెద్ద అక్షరాలతో రాయండి. ఒకటిలోపు ఉంటే తాగొచ్చు, దాటితే బట్టలకూ పశువుల కొట్టం కడగడానికీ వాడుకోవాలి. చదువు రాని అవ్వకు కూడా అర్థమయ్యేలా పచ్చ రంగో, ఎర్ర రంగో వేయండి. చంకలో పిల్లనెత్తుకుని బిందె పట్టుకొచ్చే తల్లికి ఆ రంగు కనబడాలి.