కెమెరా కొన్నారు సరే... ఫొటోలేవీ?

ఆ ఇంటి గోడ మీద తాత ఫొటో ఉండాల్సిన చోట దేవుడి క్యాలెండరు ఉండేది. ఫొటో పోగొట్టుకుని కాదు, ఆయన ఎన్నడూ దిగలేదు. పాలమూరు కూలీగా ఊళ్లు పట్టి తిరిగిన మనిషి. ఎక్కడ ఆనకట్ట కడుతుంటే అక్కడ మట్టి మోశాడు. ఓటర్లకు ఫొటోతో గుర్తింపు కార్డులివ్వాలని 1993లో ఎన్నికల సంఘం ఆదేశించేనాటికే కన్నుమూశాడు. అందుకే సర్కారు కాగితాల్లో కూడా ఆయన ముఖం మిగల్లేదు.

"మీ నాయినది ఒక్క ఫోటువ లేకపాయె కొడుకా. పిల్లలకు మీ తాత ఇట్లుండె అని ఏం జూపియ్యాలె?" అని తల్లి ఎప్పుడూ అనేది.

2006లో కల్వకుర్తిలోని ఆ ఇంట్లో రెండో బిడ్డ పుట్టింది. నాలుగేళ్ల కొడుకు, చేతుల్లో పాప. బావమరిది దగ్గర తెచ్చిన రీలు కెమెరాతో కొన్నాళ్లు నెట్టుకొచ్చారు. అందులో 36 ఫొటోలు. ఇరవై ఒకటో దినం నాడు వేసిన రీలు దసరా దాకా సాగేది. కడిగిస్తే సగం మసక! ఇక లాభం లేదనుకుని, చిన్న డిజిటల్ కెమెరా ఒకటి కొనాలని నిర్ణయించారు. పదివేలు దాటొద్దన్నది షరతు.

బళ్లో తోటి టీచర్లందరిదీ ఒకటే మాట. "ఎన్ని మెగాపిక్సెల్స్ సార్?" ఎనిమిదైతే గొప్ప, అయిదైతే తక్కువ అన్నట్టు. ఈయన లెక్కల మాస్టారు. కాగితం ముందేసుకున్నాడు. ఆల్బంలో పెట్టుకునే ఫొటో ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 1800 ఇంటూ 1200. అంటే 21 లక్షల 60 వేల చుక్కలు. రెండు మెగాపిక్సెల్స్‌కు కాస్త పైన! మరి ఎనిమిదెందుకు?

ఆ లెక్కతో మిగతావి చూడటం మొదలుపెట్టాడు. ఆప్టికల్ జూమ్ అంటే లెన్సే జరిగి దూరాన్ని దగ్గర చేస్తుంది. డిజిటల్ జూమ్ అంటే ఉన్న బొమ్మనే కత్తిరించి సాగదీస్తుంది. అట్టపెట్టె మీద ఎంత పెద్ద అంకె వేసినా అది లెక్కలోకి రాదు. ఇక బ్యాటరీ. కొన్నిటికి ప్రత్యేకమైనదే కావాలి. కరెంటు పోయిన పూట అది నిండుకుంటే అంతే సంగతులు. పెన్సిల్ సెల్లయితే కిరాణా కొట్లోనూ దొరుకుతాయి. మామూలు సెల్లు నాలుగు ఫొటోలకే చల్లబడతాయి కాబట్టి, మళ్లీ మళ్లీ చార్జి చేసుకునేవి నాలుగు కొనిపెట్టుకోవాలి. మెమరీ కార్డు కూడా ఎక్కడైనా దొరికే ఎస్‌డీ రకమైతే మేలు.

ఓ ఆదివారం బస్సెక్కి, 80 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ కోఠికి వెళ్లారు. దుకాణంలో వరుసగా కెమెరాలు పెట్టారు. మాస్టారు అంకెలు చదువుతున్నాడు. పాపను చంకన వేసుకున్న ఆయన భార్య మాత్రం కొడుకును కిందికి దింపి, "నువ్వు ఉరుకు బిడ్డా" అంది. "ఇప్పుడు తియ్యండి" అంది దుకాణదారుతో.

మొదటి కెమెరాలో ఉత్త నేల వచ్చింది. రెండోదాంట్లో మడమ. మీట నొక్కాక కెమెరా దూరం సరిచూసుకుని, వెలుతురు కొలుచుకుని, అప్పుడు తీస్తుంది. ఈలోపు పిల్లాడు గడప దాటేస్తాడు! మీట సగం నొక్కి పట్టుకుని, సమయానికి పూర్తిగా నొక్కాలన్న చిట్కా దుకాణదారే చెప్పాడు. అలా తీస్తే పిల్లాడు నవ్వుతూ దొరికింది కెనాన్ పవర్‌షాట్ ఏ530లో. అయిదు మెగాపిక్సెల్స్, నాలుగు రెట్ల ఆప్టికల్ జూమ్, రెండు పెన్సిల్ సెల్లు. అదే తెచ్చుకున్నారు.

మొదటి ఫొటో నాయినమ్మది. ఒళ్లో పాప, పక్కన మనవడు. వెనకాల చిన్న తెరలో చూపిస్తే ఆమె కళ్లు చికిలించింది. "గింత డబ్బల ఉంటే నాకేం కనవడతది? చేతికియ్యి కొడుకా" అంది. ఆమె పోరు పడలేక స్టూడియోలో ఆ ఒక్కటీ కాగితం మీద వేయించాడు. మిగతావన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, కార్డు ఖాళీ చేసి, మళ్లీ తీశాడు. రీలు ఖర్చు లేదు, కడిగించే పని లేదు. అయిదేళ్లలో వేల ఫొటోలయ్యాయి.

2011లో ఓరోజు ఆ కంప్యూటర్ తెరుచుకోలేదు. హార్డ్ డిస్క్ పోయిందన్నారు. పాప తొలి అడుగులు, అక్షరాభ్యాసం, మొదటిరోజు బడి... అన్నీ అందులోనే. రీలు కాలంలో పుట్టిన అన్నకు ఆల్బం ఉంది. కెమెరా ఎవరి కోసం కొన్నారో ఆ చెల్లెలికి మిగిలింది ఒక్కటే ఫొటో... నాయినమ్మ పట్టుబట్టి వేయించుకున్నది!

చేతి కెమెరాల కాలం తర్వాత తగ్గింది. 2010లో ప్రపంచమంతా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కంపెనీల నుంచి బయటికొస్తే, 2023లో 80 లక్షలు కూడా రాలేదు. ఫొటోలన్నీ ఫోన్లలోకి చేరాయి. డబ్బా మారింది కానీ, చేతికియ్యమన్న మాట మారలేదు.

నాయినమ్మ ఇప్పుడు లేదు. క్యాలెండరు ఉన్నచోట ఆ ఫొటోనే ఉంది. ఆ ఇంట్లో ఏటా దసరాకు, ఆ యేడు తీసినవాటిలో ముప్ఫై ఏరి కాగితం మీద వేయిస్తారు. వెనకాల పేర్లు, తేదీ రాసేది పాపే. ఫోన్లో ఉన్నవాటికి ఇంకో నకలు వేరేచోట దాచే పని అన్నది. కెమెరా ఎన్నుకోవడానికి ఆ ఇంట్లో నెల పట్టింది. ఫొటోలు ఎక్కడ ఉంచాలో తెలుసుకోవడానికి అయిదేళ్లు పట్టింది.