వానకు ముందు మిద్దె

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని వాన నుండి కాపాడుకొని చూడు అని కూడా చేర్చి ఉంటే బాగుండేదని మాకు తోస్తుంది. వానలకు మొగము వాచిన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఈ మాట వింతగా వినిపించవచ్చు. కాని నెలల తరబడి ఎండకు నెర్రెలిచ్చిన మిద్దెపైనే తొలకరి హఠాత్తుగా కురుస్తుంది. అప్పుడు సందులు వెదకుకొనే వ్యవధి ఉండదు.

మా ప్రాంతపు పాత ఇండ్లలో మట్టి మిద్దెలు అనేకం. గోడలపై దూలాలు, వాటిపై దంతెలు, ఆపైన కట్టెలో బండలో పరచి, మట్టి మెత్తి, చివరగా చౌటి మట్టి కప్పుతారు. పైరు పండని చౌటి నేలను రైతు నిందిస్తాడు; ఇల్లు కాచుకొనేవాడు మాత్రం ఆ మట్టినే బండ్లతో తెచ్చుకొంటాడు. అందులోని సోడియం లవణాల వల్ల బంకరేణువులు తడవగానే విడివడి, సన్నని రంధ్రాలను పూడ్చివేస్తాయి. నీరు లోనికి దిగక పైపైనే జారిపోతుంది. పొలంలో దోషమైన గుణమే మిద్దెపై రక్షణ అయింది. నల్లరేగడి ఇందుకు పనికిరాదు. అది తడిసి ఉబ్బుతుంది, ఎండి బీటలు వారుతుంది. ప్రతి బీటా నీటికి దారే.

అయితే మిద్దె నడిమి భాగం కంటె అంచులను ముందుగా చూడాలి. పిట్టగోడ మిద్దెను తాకే మూల, వెలుతురు కోసం వదలిన గవాచి చుట్టూ, వాననీరు వెలికిపోయే దోనె మొదలు: ఈ మూడు చోట్లా రెండు వేర్వేరు వస్తువులు కలుస్తాయి. ఎండకు రాయి ఒక తీరున, మట్టి మరొక తీరున ప్రవర్తిస్తాయి. నడుమ సందు పడుతుంది. దోనెను ఉర్దూ పలికే ఇండ్లలో పర్నాలా అంటారు. పేరు ఏదైనా, దాని నోట చెత్త అడ్డుపడితే నీరు మిద్దెపైనే నిలుస్తుంది.

మాచాని సోమప్పగారు 1938లో నేత సహకార సంఘాన్ని నెలకొల్పిన ఎమ్మిగనూరులో నేతవారికి ఇల్లే కార్ఖానా. కారిన నీరు గుంట మగ్గంలో చేరితే కాళ్లు పెట్టుకొనే చోటుండదు. గంజి పెట్టిన పడుగు తడిసి పాడవుతుంది. వాన వెలిసినా ఆ ఇంట కూలి ఆగిపోతుంది. "నాయనా, చుక్క కప్పు మీద పడితే భయం లేదు, సందులో పడితేనే పస్తు" అనేవారు మేమెరిగిన ఒక వృద్ధ నేతకారుడు.

2009 అక్టోబరు తొలి రోజులలో తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగినప్పుడు లోకమంతా నదివైపు చూసింది. నదికి దూరంగా ఉన్న మేము మాత్రం రాత్రంతా దూలాలవైపు చూస్తూ కూర్చున్నాము. మట్టి మిద్దెకు కారడం ఒక గండమైతే, బరువు మరొక గండం. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల గదిపై అంగుళం మందాన మట్టి వేస్తే సుమారు 370 కిలోలు పెరుగుతుంది. తడిస్తే ఇంకా ఎక్కువ. పాతది తీయకుండా ఏటేటా కొత్తది పోస్తూ పోతే, చెదలు తిన్న దూలం ఒకనాడు మోయలేదు. కారకుండా చేసిన పనే కూలడానికి కారణమవుతుంది. అందుచేత ముందు దూలం కొనలు గోడలో దిగేచోట తట్టి చూడాలి. పిదప పాత పొరను గీకి, సందులు పూడ్చి, కొత్త మట్టిని పలుచగా, దోనెవైపు వాలుగా పరచాలి.

ఈనాడు చాలామంది సిమెంటు కప్పు వేసుకొన్నారు. ఇక చింత లేదని తలచి పైకి ఎక్కడమే మానివేశారు. కాని ఆ కప్పుకూ పిట్టగోడ మూల ఉంది, గొట్టం దిగే రంధ్రం ఉంది. అక్కడ దిగిన నీటికి లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి పెచ్చులు రాలుస్తుంది. మట్టి మిద్దె ఏటా పని చెప్పి హెచ్చరించేది. సిమెంటు కప్పు ఏళ్ల తరబడి మౌనంగా ఉండి, చెడిన తరువాత చెబుతుంది.

వేసవి సెలవులకు ఇండ్లకు వెళ్లే విద్యార్థి మిత్రులు తొలకరికి ముందు ఒక పూట ఆ మూడు చోట్లనూ పరిశీలించవలెనని మా మనవి. ఎక్కే ముందు కిందినుంచి దూలాలను చూచుకోండి. మంచి చౌడు ఎక్కడ దొరుకుతుందో, ఏ దూలం ఎప్పుడు మార్చారో ఇంటి పెద్దలకు తెలుసు. మిద్దె ఎక్కడానికి మాత్రం వారి మోకాళ్లు సహకరించవు. వారిని అడిగి ఆ పని నేర్చుకోవడానికి ఇదే అదను.