టెస్ట్ డ్రైవ్ ఫారంలో నేను రాసిన అడ్రస్

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. కారు నడిపానని గొప్ప చెప్పుకోడానికి రాయట్లేదు. ఆ రోజు నేనొక తప్పు చేశాను, అది మీతో చెప్పుకోవాలనిపించింది.

మాది జి.మాడుగుల మండలం. మా మావయ్య ఇరవై ఏళ్లు కమాండర్ జీపు తోలాడు. సంత రోజు లోపల పసుపు, కాఫీ బస్తాలు, పైన జనం, వెనక వేలాడేవాళ్లు. ఆశ్రమ స్కూలు సెలవులకి ఇంటికొస్తే నా చోటు ఆయన పక్క సీటే. పద్దెనిమిది నిండి ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక పాడేరు ఘాట్‌లో స్టీరింగ్ నా చేతికిచ్చాడు. "ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి. దిగువలో న్యూట్రల్ చేసినోడు ఇంటికి రాడు" అన్నాడు. అమ్మవారి పాదాల దగ్గర బండి ఆపి దండం పెట్టించాడు. నా డ్రైవింగ్ స్కూల్ అదే.

ఇప్పుడు నేను పాలిటెక్నిక్ చదివి విశాఖలో ఉద్యోగం చేస్తున్నా. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ అంటే నాకు పిచ్చి. 1.5 లీటర్ టర్బో పెట్రోల్, 150 పీఎస్, 250 ఎన్‌ఎం టార్క్. వీడియోలు చూసి చూసి అరిగిపోయాయి. కొనే స్తోమత లేదు, ఒక్కసారి నడపాలనే ఆశ ఉంది. టెస్ట్ డ్రైవ్‌కి డబ్బులు కట్టక్కర్లేదు, లైసెన్స్ ఉంటే చాలన్నారు. ఒక ఆదివారం బుక్ చేసుకున్నా.

అదే వారం మావయ్య కళ్లు చూపించుకోడానికి విశాఖ వచ్చాడు. రూములో ఒక్కడినే వదల్లేక నాతో తీసుకెళ్లాను. షోరూం అంతా అద్దాలు, లోపల ఏసీ. మావయ్య భుజం మీద తువ్వాలు, కాళ్లకి రబ్బరు చెప్పులు. నాకేమైందో తెలీదు. "మావా, లోపల చాలా లేటవుద్ది. నువ్వా టీ కొట్టు దగ్గర కూచో" అన్నాను. "అలాగే అల్లుడూ, సూసుకొని రా" అని రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

లోపల ఫారం ఇచ్చారు. అడ్రస్ దగ్గర పెన్ను ఆగింది. మద్దిలపాలెంలో ఫ్రెండ్ రూం అడ్రస్ రాసేశాను. సేల్స్ అబ్బాయి మర్యాదస్తుడు. లైసెన్స్ ఫోటో తీసుకుని, "సార్, ఇందులో అడ్రస్ వేరే ఉంది. ఏది పెట్టమంటారు?" అన్నాడు. మా ఊరు, మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా, అన్నీ ఉన్నాయి అందులో. "అది పాతది" అన్నాను. అరగంటలో రెండో అబద్ధం.

కారు గురించి కూడా చెప్తాను. హైవే ఎక్కాక ముందు రోడ్డు ఖాళీగా ఉంది. యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత ఎవరో వీపు వెనక నుంచి తోసినట్టు లాగింది. టర్బో పుంజుకోడానికి పట్టే టైం అది. 1600 ఆర్‌పీఎం నుంచే పూర్తి టార్క్ వస్తుంది కాబట్టి ఇంజన్ అరవకుండానే బండి పోతుంది. స్పీడ్ లిమిట్ దగ్గరికి ఎంత తొందరగా వచ్చేశామంటే నాకే భయమేసి కాలు తీసేశాను.

ముందు సిగ్నల్ ఎర్రగా ఉంది. బ్రేక్ తొక్కలేదు. స్టీరింగ్ వెనక ప్యాడిల్స్ ఉంటాయి, ఎడమ చేతి ప్యాడిల్ రెండుసార్లు లాగితే రెండు గేర్లు దిగింది. ఇంజనే బండిని పట్టుకుంది. చివర్లో కొంచెం బ్రేక్ వేసి ఆపాను.

సేల్స్ అబ్బాయి నావైపు చూసి, "చాలామంది ఆ ప్యాడిల్స్ ముట్టుకోరు సార్. ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు.

ఈసారి అబద్ధం నోటికి రాలేదు. "పాడేరు ఘాట్‌లో. మా మావయ్య నేర్పాడు. జీపు తోలేవాడు."

"ఆయన్ని కూడా తీసుకురావాల్సింది సార్."

"తీసుకొచ్చాను. మీ షోరూం ఎదురుగా టీ కొట్టు దగ్గరున్నాడు."

ఆ అబ్బాయి ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. సిగ్నల్ పచ్చబడింది. వెనక్కి రాగానే ఆ అబ్బాయే అన్నాడు, "పిలవండి సార్, ఇంకో రౌండ్ వెళ్దాం."

మావయ్య అద్దం తలుపు దగ్గర చెప్పులు విప్పబోతే నేను ఆపాను. ఆయన ముందు సీట్లో కూచున్నాడు, సేల్స్ అబ్బాయి వెనక. దారంతా ప్రశ్నలే. "క్లచ్చి ఏదీ?" క్లచ్ పెడల్ లేదు గానీ డీఎస్‌జీ గేర్‌బాక్స్ లోపల రెండు క్లచ్‌లు ఉంటాయని, ఒకటి ఈ గేరు పట్టుకుని ఉంటే రెండోది తర్వాతి గేరు రెడీగా ఉంచుతుందని ఆ అబ్బాయి చెప్పాడు. మావయ్య తలూపాడు. "మరి కింద ఎంత ఎత్తు?" 179 మిల్లీమీటర్లు. దిగాక మావయ్య వంగి చెయ్యి పెట్టి కొలిచాడు. "జానెడు కూడా లేదు. ఇంజను గట్టిదే గానీ అల్లుడూ, మన గెడ్డ దాటదు." ముగ్గురం నవ్వాం.

ఫారం అడిగి తీసుకుని అడ్రస్ కొట్టేసి మా ఊరు రాశాను. కారు కొనలేదు. ఆన్‌రోడ్ లెక్క ఇరవై లక్షలు దాటింది, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నా.

సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాడేరు బస్సు కోసం నిలబడ్డాం. సారీ చెప్పాలని నోరు తెరిచేలోపే మావయ్య అన్నాడు, "నాకు తెలుసులే అల్లుడూ. టీ కొట్టుకాడ కూచోమన్నప్పుడే తెలిసింది." కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంటోంది.

షోరూంలో నన్నెవరూ తక్కువగా చూడలేదు. వాళ్లు చూస్తారేమోనని నేనే ముందు మావయ్యని తక్కువ చేశాను. ఆ రోజు నాకు దక్కిన ఒక్క మెచ్చుకోలు ఆయన నేర్పిన పనికే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో బండి బాగా తోలేవాళ్లు చాలామంది ఉన్నారు, లైసెన్స్ లేనివాళ్లూ ఉన్నారు. ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోండి. నచ్చిన బండి ఉంటే వెళ్లి అడగండి, నడపండి, ప్రశ్నలేయండి. మీకు నేర్పిన మనిషిని పక్కన కూచోబెట్టుకోండి. ఫారంలో మీ ఊరి పేరే రాయండి.