హాలు లేని ఇంటికి పన్ను

నాకు చదువొచ్చాక మా పేట జనం నా చుట్టూ కూర్చుని చదివించుకున్న మొదటి కాగితం కథా కాదు, ఉత్తరమూ కాదు. ఇంటి పన్ను బిల్లు.

1999. నేను ఆరో తరగతి. మాది వడ్డాది దగ్గర ఒక పల్లె. చోడవరంలో బస్సెక్కి బి.ఎన్. రోడ్డు మీద వడ్డాది జంక్షన్లో దిగి, చెరుకు తోటల మధ్య గట్టు దారిన నడిస్తే ముందు ఊరొస్తుంది. ఊరు దాటాక చింతచెట్టు. చెట్టు దాటాక మా మాలపేట. అప్పట్లో విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. జిల్లా మారింది గాని పేట మాత్రం చింతచెట్టుకి అవతలే ఉంది. ఊరి పేరు రాయను. రాస్తే ఆ ఒక్క ఊరే చెడ్డదనుకుంటారు.

మా అయ్య చెరుకు నరికేవాడు. సీజన్లో రాత్రంతా బెల్లం పొయ్యి దగ్గర కూర్చుని చెరుకు పిప్పి మంటలోకి తోసేవాడు. అనకాపల్లి బెల్లం గురించి అందరూ చెప్పుకుంటారు. పొయ్యి ముందు కూర్చున్నవాడి కళ్లెందుకు ఎర్రగా ఉంటాయో ఎవరూ అడగరు. అయ్యకి సంతకం రాదు, వేలిముద్ర. అయినా ఇంటి పన్ను మాత్రం ఏ ఏడూ బాకీ పెట్టలేదు.

పన్ను కట్టండహో అని ఊరంతా డప్పేసి చాటింపు వేసేది మా పేట మావే. చాటింపుకి మా మనిషి కావాలి గాని, బిల్లు తెచ్చే మనిషి మా పేటలో అడుగుపెట్టేవాడు కాదు. చింతచెట్టు కింద నిలబడి పేరు పెట్టి కేకేసేవాడు. అయ్య భుజం మీది తువ్వాలు తీసి నడుముకి చుట్టుకుని, డబ్బు చేతిలో పట్టుకుని పరిగెత్తేవాడు. కేక వినబడనివాళ్లకి, ఆ వేళకి కూలికి పోయినవాళ్లకి బిల్లు లేదు. ఆ ఏడాదికి వాళ్లు బకాయిదార్లు.

ఆ రోజు అయ్య బిల్లు తెచ్చి నా చేతికిచ్చాడు. "సదవరా, ఏటి రాసినాడో." చుట్టూ పదిమంది చేరారు. నేను పైనుంచి చదవడం మొదలుపెట్టాను. ఇంటి యజమాని అన్నచోట మా తాత పేరు. తాత చచ్చిపోయి అప్పటికి ఏడేళ్లు. ఇంటి పన్ను 50 రూపాయలు. లైటింగు పన్ను 10. నీటి పన్ను 15. గ్రంథాలయ సెస్సు 4. మొత్తం 79. దాని పక్కన రెండు గడులున్నాయి. ఒకదాని మీద బకాయి, రెండోదాని మీద హాలు. బకాయి గడిలో సున్నా. హాలు గడిలో 79.

అమ్మ గయ్యిమంది. "మనకి హాలేటిరా బాబూ? ఉన్నదొక్క గది. దానికి ఇంటి పన్ను రాసీసినారు. మల్లీ హాలుకీ ఏటి? మనకి లేని హాలుకి మనసేత కట్టించుకుంతన్నారు సూడు." అందరూ నవ్వారు గాని, ఎవరికీ అనుమానం తీరలేదు. మర్నాడు బళ్లో సోషల్ మాష్టార్ని అడిగాను. హాలంటే ఈ సంవత్సరానిది, కచేరీల్లో మిగిలిపోయిన పాత మాట, బకాయి అంటే గతానిది అని చెప్పారు. ఒక్క మాట. దాన్ని "ఈ ఏడాది" అని రాస్తే మా అమ్మకి అర్థమయ్యేది. అర్థం కాకుండా రాయడం కూడా ఒక రకం చింతచెట్టే అని నాకు చాలా ఏళ్లకి తెలిసింది.

అయితే అమ్మ అడిగింది తప్పు ప్రశ్న కాదు. లేని హాలుకి పన్ను వెయ్యలేదు, నిజమే. కాని లేని లైటుకి వేశారు. లేని నీళ్లకి వేశారు. కరెంటు స్తంభాలు ఊరి చివరి మలుపు దగ్గర ఆగిపోయాయి. ఊళ్లో కుళాయిలుండేవి, మాకు పొలం బోరు. రైతు మోటారు వేసినప్పుడే మా బిందెలు నిండేవి. ఇదే మాట అయ్యని అడిగాను. మనకి లైటు లేదు కదా, పదెందుకు అని. అయ్య కసురుకున్నాడు. "నోరుముయ్యరా. పన్ను కట్టకపోతే ఇల్లు పీకీమంతారు. ఈ కాయితముంటే మనం ఈ ఊరోలమని రుజువు." రసీదుని మడతపెట్టి ప్లాస్టిక్ కవర్లో చుట్టి రేకుపెట్టెలో దాచాడు.

అయ్య దృష్టిలో అది పన్ను కాదు, ఊళ్లో బతకనిచ్చినందుకు కప్పం. మా పేట ఉన్న జాగాకి అప్పటికి పట్టాల్లేవు. ఇక్కడ చదువుకుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక సంగతి చెప్పాలి. ఇంటి పన్ను రసీదు ఇంటికి హక్కు పత్రం కాదు. దాన్ని చూపించి స్థలం నాదని కోర్టులో గెలవలేం. కాని ఫలానా ఏడాది ఫలానా ఇంట్లో మేమున్నామని చెప్పడానికి పనికొస్తుంది. పట్టాలకి అర్జీ పెట్టినా, రేషన్ కార్డుకి తిరిగినా, కులం సర్టిఫికెట్టుకి పోయినా ఆ ముక్కే ఆసరా. చదువురాని మా అయ్యకి ఆ సగం తెలుసు. మిగతా సగం, అంటే ఆ కాగితం మీద ఊరు మాకేం బాకీ ఉందో రాసి ఉందని, ఆయనకి తెలీదు. చెప్పాల్సినవాణ్ణి నేను.

గ్రంథాలయ సెస్సు సంగతి. 1960 గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాలకి పోతుంది. యాభైకి నాలుగు. ఆ లెక్క నాకు తొమ్మిదో తరగతిలో తెలిసింది. తెలిసిన వారమే ఒక ఊళ్లో ఉన్న గ్రంథాలయానికి నడిచివెళ్లాను. బెంచీల మీద పెద్దమనుషులు పేపర్లు చదువుతున్నారు. నేనెవరి కొడుకునో ఒకాయన అడిగాడు. చెప్పాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. చందమామ ఒకటి తీసి చేతికిచ్చి, "అరుగు మీద గాలొస్తది, అక్కడ కూర్చుని చదువుకో" అన్నాడు. అరుగు మీద నిజంగానే గాలొచ్చింది. ఇంటర్ అయ్యేదాకా నేను అరుగు మీదే చదివాను. మా నాలుగు రూపాయలు మాత్రం లోపల ఫ్యాను కింద కూర్చున్నాయి.

బి.ఇడి. చేస్తున్నప్పుడు అంబేడ్కర్‌ని చదివాను. 1923లో బొంబాయి శాసన మండలిలో ఎస్.కె. బోలే ఒక తీర్మానం పెట్టాడు. ప్రభుత్వ సొమ్ముతో కట్టి నడిపే బావులు, చెరువులు, బళ్లు, సత్రాలు అంటరానివాళ్లు కూడా వాడుకోవచ్చని దాని సారాంశం. మహద్ మునిసిపాలిటీ తన చెరువు విషయంలో దాన్ని ఒప్పుకుంది గాని, అది కాగితం మీదే ఉండిపోయింది. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో వెళ్లి ఆ చవదార్ చెరువు నీళ్లు తాగాక అది కాగితం దిగింది. తర్వాత కోర్టు గొడవ తేలడానికి 1937 దాకా పట్టింది. మన జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మద్రాసు మండలిలో రెట్టమలై శ్రీనివాసన్ 1924లో అటువంటి తీర్మానమే తెచ్చాడు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం కూడా ఆ మాటే అంటుంది, ప్రభుత్వ నిధులతో నడిచే బావి, చెరువు, స్నానఘట్టం, రోడ్డు దగ్గర కులం పేరుతో ఎవర్నీ ఆపకూడదని. ఇవన్నీ చదివినప్పుడు నాకు తాత పేరు మీదున్న బిల్లు గుర్తొచ్చింది. ఆ నిధుల్లో మా పైసలూ ఉన్నాయి. అరుగు మీద కూర్చోబెట్టిన రోజున ఈ మాట నా దగ్గర ఉంటే బావుండేది.

2012 డీఎస్సీలో ఉద్యోగమొచ్చింది. మా వంశంలో మొదటి డిగ్రీ, మొదటి జీతం. చోడవరంలో అద్దెకి దిగాను. ఆ ఇంటికి హాలుంది. జీతంలోంచి నెలకి 200 వృత్తి పన్ను కోసుకుంటారు, నేనెప్పుడూ ఆ గడి చూసింది లేదు. పిల్లలకి స్థానిక ప్రభుత్వాల పాఠం చెప్పేవాణ్ణి. పంచాయతీకి ఆదాయం ఎలా వస్తుంది? ఇంటి పన్ను, నీటి పన్ను. బోర్డు మీద రాయించి మార్కులేసేవాణ్ణి. 2017లో అయ్య పోయాడు. దినాలు చేశాను, ఫోటో కట్టించాను. ఆ ఏడు ఇంటి పన్ను ఎవరు కట్టాలో ఆలోచించలేదు. పై ఏడూ ఆలోచించలేదు.

2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా వార్డు ఎస్సీ మహిళకి రిజర్వయింది. చిన్నమ్మ నిలబడతానంది. ఉపాధి పనుల దగ్గర కొలతల్లో మోసం పట్టుకుని నలుగురి ముందూ నిలదీసిన మనిషి ఆమె. నామినేషన్ వెయ్యడానికి వెళ్తే, మీ ఇంటి మీద పదకొండేళ్ల బకాయి ఉంది, ఏటా 320 చొప్పున 3,520 కడితేగాని బకాయి లేదని కాగితం ఇవ్వమన్నారు. మర్నాడు ఆఖరి రోజు. రాత్రి ఎనిమిదింటికి చిన్నమ్మ ఫోన్. "బాబూ, నాకు బిల్లన్నది ఏ నాడూ ఇవ్వనేదురా. ఇప్పుడు బాకీ అంతన్నారు."

నేను గవర్నమెంటు టీచర్ని. ఎన్నికల్లో తలదూర్చకూడదు. నాకు వేరే మండలంలో పోలింగ్ డ్యూటీ కూడా పడింది. భయమేసిందని ఒప్పుకుంటాను. కాని సొంత చిన్నమ్మకి బిల్లు చదివిపెట్టడం ప్రచారం కాదనుకుని ఆ రాత్రే ఊరెళ్లాను.

1994 పంచాయతీరాజ్ చట్టం తెరిచాను. పంచాయతీకి బాకీ ఉన్నవాళ్లు పోటీకి అనర్హులే. కాని దానికొక షరతుంది. కిందటి ఏడాది దాకా ఉన్న ఆ బాకీకి బిల్లో నోటీసో సక్రమంగా అంది ఉండాలి, అందులోని గడువు దాటి ఉండాలి. చింతచెట్టు కింద నిలబడి కేకేస్తే అందినట్టా? ఆ మాట వాదించొచ్చు. వాదన తేలేలోగా గడువు అయిపోతుంది. మా బతుకుల్లో న్యాయం ఎప్పుడూ గడువు దాటాకే తేలుతుంది.

అప్పుడు అమ్మ రేకుపెట్టె తీసింది. ప్లాస్టిక్ కవర్లో అయ్య రసీదులు. అన్నీ తాత పేరు మీద, ఒకటే ఇంటి నంబరు. అయ్యా చిన్నాన్నా ఉన్నది ఒకే ఇల్లు, మధ్యలో గోడ. పన్ను మొత్తం అయ్యే కట్టాడు. తర్వాతెప్పుడో రిజిస్టర్లో గోడకి ఇవతలొక నంబరు, అవతలొక నంబరు వేసి, చిన్నాన్న వైపు వెనకటి తేదీ నుంచి బాకీ రాసేశారు. ఇంట్లోవాళ్లకి చెప్పినవాడు లేడు. నేలమీద కూర్చుని రసీదులు సంవత్సరాల వారీగా పేర్చాను. 2009-10 నుంచి 2016-17 దాకా ఎనిమిదేళ్లు, ఒక్కటీ పోలేదు. పదకొండులో ఎనిమిది తీసేస్తే మూడు. మూడు మూడొందల ఇరవైలు 960.

ఆ మూడేళ్లూ ఏవో చెప్పక్కర్లేదు. 2017-18, 18-19, 19-20. వేలిముద్ర మనిషి కట్టినన్నాళ్లూ బాకీ లేదు. ఎం.ఏ., బి.ఇడి. కొడుకు చేతికొచ్చాకే బాకీ పడింది. చిన్నమ్మ నన్నేమీ అనలేదు. నేను జేబులోంచి డబ్బు తీస్తే మాత్రం, "నా పేరు మీద నానే కడతాను" అని చెరుకు కూలి డబ్బులు లెక్కపెట్టింది. మర్నాడు రసీదులన్నీ పట్టుకుని ఆమే వెళ్లింది. నేను గుమ్మం బయట నిలబడ్డాను. గడువుకి గంట ముందు కాగితం చేతికొచ్చింది.

చిన్నమ్మ గెలవలేదు. ఊరివాళ్లు మా పేటలోంచే ఇంకొకావిణ్ణి నిలబెట్టారు, పద్నాలుగు ఓట్లతో ఆవిడే గెలిచింది. రిజర్వేషన్ మనదే, మనిషి మనదే, నోరు మాత్రం వాళ్లదయ్యే ఏర్పాటు అందరికీ తెలిసిందే. కాని ఆ రాత్రి రసీదులు పేరుస్తుంటే పేటలో సగంమంది మా వాకిట్లోనే ఉన్నారు. తర్వాత వేసవిలో ఒక్కొక్కరూ తమ కాగితాలు తెచ్చారు. ఏడిళ్లు చచ్చిపోయినవాళ్ల పేర్ల మీదే ఉన్నాయి. మూడిళ్లకి రెండేసి నంబర్లు. సరిచెయ్యమని అర్జీలు రాశాం. బిల్లు ఇంటికి తెచ్చి ఇవ్వండి, రసీదు మీద నంబరు వెయ్యండి, లైటింగు పన్ను తీసుకుంటున్నారు గనక స్తంభం వెయ్యండి అని చిన్నమ్మ గ్రామసభలో నిలబడి చదివింది, కూడబలుక్కుంటూ. ఏడాదిన్నరకి నాలుగు స్తంభాలొచ్చాయి. నాలుగో దానికి బల్బు వెయ్యడానికి మరో ఆర్నెల్లు పట్టింది.

సభల్లో రాజ్యాంగం గురించి మాట్లాడే మిత్రులకి నా మనవి చిన్నది. మీ పేటకి వెళ్లినప్పుడు ఇంటి పన్ను బిల్లు అడిగి చూడండి. ఎవరి పేరు మీదుందో, బకాయి ఎంతో, ఈ ఏడాదిది ఎంతో, దేనికెంత కడుతున్నారో, కట్టినదానికి ఏమొచ్చిందో ఇంట్లోవాళ్లతో కలిసి చదవండి. కట్టొద్దని నేననను. కట్టి, రసీదు దాచి, అడగాలి. మా అయ్య మొదటి రెండూ చేశాడు.

ఈ ఏడు బిల్లు అమ్మ చేతికే ఇచ్చారు, మా గుమ్మం దగ్గర. సెలవుకి వెళ్తే నా ముందు పెట్టింది. "హాలుకెంత రాసినాడు?" అంది నవ్వుతూ. తర్వాత ఆఖరి వరస మీద వేలు పెట్టి, "ఇదేనా నిన్ను అరుగు మీన కూకోబెట్టిన గది?" అని అడిగింది. ఔనన్నాను.

"అయితే మనవరాల్ని తీసికెల్లు. లోపల కూకోమని సెప్పు."